చదవని షరతు

బాలమ్మ బిందెడు పాలు తెచ్చి మా గడప ముందు మోరీ కాలవలో కుమ్మరించింది. నేను అప్పుడే అదాలత్‌కు బయలుదేరుతున్నాను. శేర్వానీ అంచు తడిసింది. నాకు ఒళ్లు మండింది.

"ఏంది బాలమ్మా ఈ లొల్లి? పొద్దుగాల పొద్దుగాల పాలు పారబోస్తరా ఎవలన్నా?"

"మరేం జెయ్యమంటవు వకీల్ సాబ్? ఆనందరావు తీసుకోడు. ఇంకొకలకు అమ్మనియ్యడు. బర్రెను పిండకుంట ఉంచుతమా?"

కిషన్‌బాగ్‌లో ఆమెకు నాలుగు బర్రెలున్నాయి. మొగుడు పోయాక ఇల్లు వాటి మీదే నడుస్తోంది. మలక్‌పేటలో మిఠాయి దుకాణం ఉన్న ఆనందరావుకు ఏడాదిపాటు పాలు పోస్తానని సర్కారీ లెక్కన ఫస్లీ 1347లో, ఉగాదినాడు వేలిముద్ర వేసింది. ఇప్పుడతను పాలల్లో నీళ్లున్నాయంటూ పది రోజులుగా బిందెలు తిప్పి పంపుతున్నాడు. కాగితంలో ఉందని అతను ఆమెతో చెప్పిన ప్రకారం, ఆ ఏడాదంతా ఆమె మరొకరికి చుక్క పాలు అమ్మకూడదు. తగాదా వస్తే ఆనందరావు పెట్టిన మనిషే తీర్పు చెప్పి ఫైసలా చేయాలి. ఎవరిని పెట్టాడయ్యా అంటే, సొంత బావమరిది బాబురావును! ఆ బాబురావే ఆమె ఇంటికి వచ్చి, బర్రెల్ని సగం ధరకు ఇచ్చెయ్యమని అడిగిపోయాడట.

"వాని బతుకు పాడుగాను! గిసొంటి కాగితం ఏ దగుల్బాజీగాడు రాసిండు?" అని అరిచాను.

ఆమె కొంగు ముడి విప్పి నకలు నా చేతిలో పెట్టింది. దస్తూరీ నాదే.

పన్నెండేళ్లుగా నా వకాలత్ అంతా వ్యాపారుల తగాదాల మీదే. కార్వాన్ బజారు సేట్లు ఒప్పందాల కరారునామాలు నా దగ్గరే రాయించుకునేవారు. మరొకరికి అమ్మరాదని తొమ్మిదో షరతు, సేటు పెట్టిన మనిషే ఫైసలా చేయాలని పదో షరతు, ఎప్పుడూ ఇవే. పాత కాగితం చూసి కొత్తదాంట్లోకి ఎత్తి రాసేవాణ్ని. సేట్లు శభాష్ అంటే పొంగిపోయేవాణ్ని.

"నాకు ఉర్దూ రాదు. నువ్వే చదివి చెప్పినవు" అంది బాలమ్మ. "ఎన్ని సేర్లు, ఏ యాళ్లకు తేవాలె, గంతే చెప్పినవు. మిగతయి ఏందంటె, మామూలు మాటలే, వేలు వెయ్ అన్నవు."

అన్నాను, నిజమే. ఆ రోజు నాకు భోజనం వేళ మించిపోతోంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆనందరావు మీద ఎంత మండిందో నా మీదా అంతే మండింది.

ఆమె కేసును నా స్నేహితుడు, వకీలు అబ్దుల్ వాహెద్‌కు అప్పగించాను.

"నువ్వే వాదించొచ్చు గద భాయ్?" అన్నాడతను.

"నేను గవాహీ ఇయ్యాలె. చదవలేదని బోనెక్కి చెప్త."

వాహెద్ కలం కింద పెట్టాడు. "సోచో భాయ్, జర ఆలోచించు. ఇంక ఒక్క సేటు గూడ నీ గుమ్మం తొక్కడు."

"తొక్కకుంటె పాయె!"

మున్సిఫ్ ముందు ఆనందరావు వకీలు తీరిగ్గా అడిగాడు. "ఈ కాగితం రాసింది మీరే కదా?"

"నేనే."

"షరతులన్నీ చదివి వినిపించానని కింద సంతకం పెట్టింది?"

"నేనే. ఆ మాట అబద్ధం. తొమ్మిదీ పదీ చదవలేదు."

బల్లల మీద కూర్చున్న సేట్లు గుసగుసలు మొదలుపెట్టారు. మున్సిఫ్ సాబ్ కళ్లద్దాలు తీసి, "రామ్‌చందర్ సాబ్, ఇది మీ పేరుకే మచ్చ, తెలుసా?" అన్నారు.

"తెలుసు హుజూర్. చదవని మాటకు ఆమె పాలు మోరీలో పోయాల్నా? గిదేం ఇన్సాఫ్?" నా గొంతు అదాలత్ బయటికి వినిపించిందట, వాహెద్ తర్వాత చెప్పాడు.

ఆ రెండు షరతులూ చెల్లవని ఫైసలా వచ్చింది. ఆమె పాలు ఎవరికైనా అమ్ముకోవచ్చు. వారం తిరగకుండా సేట్ల మనుషులు ఒక్కొక్కరే వచ్చి, నా అల్మారాలోంచి తమ కాగితాలు పట్టుకుపోయారు. ఒక్కడూ కూర్చోలేదు, మంచినీళ్లు కూడా తాగలేదు.

నెల తర్వాత బాలమ్మ వచ్చింది. చాయ్ హోటల్ అస్లాంకు పాలు పోయడానికి ఒప్పుకుందట.

"కాగితం రాయి. తెలుగుల రాయి."

రాశాను. ఒక్కో షరతూ వేలు పెట్టి చూపిస్తూ చదివాను. వేలిముద్రకని పెట్టిన సిరాడబ్బీ వైపు ఆమె చూడనైనా లేదు.

"మల్ల చదువు."

మళ్లీ చదివాను.

"ఇంకోపారి."

నాకు కోపం ముంచుకొచ్చింది. "ఏంది బాలమ్మా, అదాలత్‌ల అంతమంది ముందు నీ కోసం నిలబడితి! ఇంకా నమ్మకం లేదా నా మీద?"

"లేదు" అంది.

కాగితం తిప్పి మొదటి షరతు నుంచి చదవడం మొదలుపెట్టాను.