లాంచీలో తాగని జావ

చదివే పెద్దలకు ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వయసు మళ్ళాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని, నా నెమ్మదిని ఓర్చుకుని చదవమని వేడుకుంటున్నాను. ఇది మా వీధిలో బతికిన ఒక ఇల్లాలి సంగతి. ఇలాంటిది మీ వీధిలోనూ జరిగి ఉంటుంది.

నగరం అనే మా ఊళ్ళో మత్తయి మాస్టారింట్లో తెల్లవారిందంటే ముందు వినిపించేది గరిటె చప్పుడు. ఆయన భార్య అమ్మాజీ పొయ్యి ముందు కూర్చుని, చోడిపిండి, అదే రాగిపిండి, ఉండ కట్టకుండా గిన్నె అడుగు దాకా కలుపుతూ ఉండేది. చోళ్ళు నానబెట్టడం, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించడం, నీడన ఆరబెట్టి తిరగలిలో విసరడం, అన్నీ తనే చేసుకునేది. జావ చల్లారాక పల్చటి మజ్జిగ పోసి, ఉప్పు వేసీ వెయ్యనట్టు వేసి, స్టీలు గ్లాసులో ఆయన చేతికి ఇచ్చేది.

మాస్టారికి అది ఇష్టమై తాగడం కాదు. ఒక వేసవిలో కూతురు పుష్పలత పెళ్ళి చేసిన కొద్ది రోజులకే, బడికి వెళ్తూ కాలవ వంతెన మీద గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. అమలాపురంలో డాక్టరుగారు చూసి, షుగరు ఉందన్నారు, రక్తపోటు ఉందన్నారు, గుండె కూడా అలిసిపోయి ఉందన్నారు. మందులు రాసిచ్చి, చివర ఒక మాట చెప్పారు. పొద్దుటి పూట నూనె సరుకు జోలికి పోవద్దని, కడుపు తేలిగ్గా ఉంచుకోమని, జావో రెండు ఇడ్లీలో తిని లేచిపోవాలని. మందుల కంటే ఆ మాటే ముఖ్యమని అమ్మాజీ వైపు తిరిగి మరీ చెప్పారు. అమ్మాజీ ఆ మాటను ప్రమాణంలా పట్టుకుంది.

మొదట్లో మాస్టారు గ్లాసు చేతికి రాగానే నిట్టూర్చేవారు. "మా నాన్న ఆసామిగారి పెరట్లో దోసిలి పట్టి తాగింది ఇదే అమ్మాజీ. ఇంత చదువూ చదివి మళ్ళీ ఇక్కడికే వచ్చేను."

"మావయ్యగారు దోసిట్లో తాగేరు, మీరు గ్లాసులో తాగుతున్నారు. ఎదిగినట్టే కదండీ" అనేది అమ్మాజీ. ఆయన నవ్వేసి తాగేసేవారు.

వానలు వెనక్కి తగ్గేసరికి ఆయన ఒళ్ళు తేలికపడింది. ఒకరోజు కాలవ వంతెన మీద ఆగకుండా, గొడుగు ఊపుకుంటూ అవతలికి దాటిపోయారు. గుమ్మంలోంచి చూస్తున్న అమ్మాజీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అయితే ఒక్కటి మాత్రం మారలేదు. జావ తాగేటప్పుడు వీధి తలుపు దగ్గరగా వెయ్యమనేవారు మాస్టారు. పక్కింటివాళ్ళు వస్తే గ్లాసు కుర్చీ కిందికి జరిపేవారు. కూలి చేసుకునే రోజుల్లో తాగిన తిండి ఉద్యోగం వచ్చాక కూడా తాగుతున్నాడంటే నలుగురూ ఏమనుకుంటారోనని ఆయన బెంగ. అమ్మాజీ కూడా ఆ తలుపు వేసేది, డాక్టరుగారి మాటను గడప దాటనిచ్చేది కాదు. ఆ తలుపు అలా మూసి ఉంచబట్టే ఈ కథంతా జరిగింది.

వియ్యంకుడు సాలమోను రాజోలు తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తా. చెయ్యి పెద్ద మనిషి. తన ఇంట బంతి లేచాక ఎవరైనా కడుపు పట్టుకుని ఆపసోపాలు పడకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఆ ఏడు క్రిస్మస్ సెలవుల్లో రాజమండ్రి నుంచి పాపికొండల దాకా ఒక లాంచీ మొత్తం మాట్లాడుకుని, చుట్టాలందరినీ పిలిచారు. నగరం దాకా తనే వచ్చి, కొత్త వియ్యాలవారు లేనిదే లాంచీ కదలదన్నారు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. ఆయన గోదావరి పక్కనే పుట్టి పెరిగినా కొండల మధ్య గోదావరిని ఎన్నడూ చూడలేదు.

ముందు రోజు రాజమండ్రిలో సాలమోను బంధువుల ఇంట్లో దిగారు. తెల్లారగట్ల ఆ ఇంటివాళ్ళు లేవకముందే అమ్మాజీ పొయ్యి రాజేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న పిండితో జావ కాచింది. క్యారేజీ గిన్నెలో పోసి, మూత బిగించి, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది.

లాంచీ కదిలేసరికి గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. వెనక వైపు వంటవాళ్ళు నూనె మూకుళ్ళు ఎక్కించారు. ఎండ వచ్చేసరికి పై అంతస్తు మీద చాపలు పరిచి, రావులపాలెం నుంచి కట్టలుగా తెచ్చిన అరటాకులు వేశారు. పూరీలు, బంగాళాదుంప కూర, గారెలు, నాటుకోడి పులుసు, నెయ్యి కారుతున్న హల్వా. ఒక మూల చిన్న గిన్నెలో ఇడ్లీలు కూడా ఉన్నాయి. అవి పిల్లల కోసం. పెద్దవాళ్ళెవరూ అటు చూడలేదు.

మాస్టారు గొంతు తగ్గించి తనకు రెండు ఇడ్లీలు చాలన్నారు. పక్కనున్న ఒకాయన ఆ మాట అందుకుని, మాస్టారు పిల్లల బంతిలో కూర్చుంటారట అన్నాడు. బంతంతా నవ్వింది.

సాలమోను కూడా నవ్వారు. "ఇడ్లీలు పళ్ళు రానోళ్ళకండీ బావగారూ. మా ఇంటి గారె మీకు ఆనలేదనుకోమంటారా ఏంటి?"

మాస్టారు ఆడవాళ్ళ బంతిలో ఉన్న అమ్మాజీ వైపు చూశారు. ఆమె చెయ్యి అప్పటికే సంచిలోకి వెళ్ళింది. ఆమె పక్కన కూర్చున్నది సాలమోను తల్లి ఎలీసమ్మ. ఎనభై దాటిన మనిషి. సంచిలోంచి వచ్చిన గిన్నెను చూసి ఆమె ఏమిటని అడిగింది.

"జావండి అత్తయ్యగారూ. ఆయనకి" అంది అమ్మాజీ.

"చోడిదేనా? నాక్కూడా రెండు గుక్కలు పొయ్యవే తల్లీ. ఈ బోసినోటితో గారెలు ఎక్కడ నవలను? దాని రుచి చూసి ఎన్నాళ్ళయిందో."

అమ్మాజీ ప్రాణం లేచి వచ్చినట్టయింది. మూత తీసింది. పుల్లటి మజ్జిగ వాసన ఒక్కసారి పైకి వచ్చింది. అది సాలమోను దాకా వెళ్ళింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, నలుగురిలో ఆ మాటలేంటి? లాంచీ మాట్లాడి తీసుకెళ్ళి జావ పోసేడని రేపు రాజోలంతా చెప్పుకోవాలా?" అన్నారు తల్లితో. తరవాత మర్యాదగానే, "వదినగారూ, అది లోపల పెట్టెయ్యండి. ఆ రోజులు పోయేయండి మనకి" అన్నారు.

మామగారి వెనక పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పుష్పలత తల దించుకుంది. కొత్త కోడలు. తల్లి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో ఉన్నది బతిమాలడమని తల్లికి వేరే చెప్పనక్కర్లేదు. ఒక పక్క కూతురి పరువు, ఒక పక్క భర్త ఆరోగ్యం. ఒక్క పూటకే కదా అనుకుంది అమ్మాజీ. మూత మళ్ళీ బిగించింది. బంతిలో అంతమంది పెద్దలున్నారు. పోనీలెండి, తాగనివ్వండి అని ఒక్కరైనా అని ఉంటే నేనీ కథ రాయవలసిన పని ఉండేది కాదు.

ఆ తరవాత జరిగింది మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే. మాస్టారు రెండు గారెలు తిని చాలని ఆకు మీద చేతులు అడ్డం పెట్టారు. వడ్డించేవాళ్ళు ఆ వేళ్ళ మీదే మరో గారె వేశారు. కోడిపులుసు గరిటె వేళ్ళ మీదికి వంచబోతే కాలుతుందని చేతులు తీసేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నిజంగానే చాలండి అంటే, ఆ మాట అందరూ అంటారన్నారు. చివరికి సాలమోను కోడల్ని పిలిచారు.

"అమ్మాయ్, ఈసారి నువ్వు వెయ్యి. నీ చేతిక్కూడా అడ్డం పెడతారేమో చూద్దాం."

పుష్పలత వంగింది. మాస్టారు కూతురి ముఖంలోకి చూసి, ఆకు మీంచి చేతులు తీసేశారు.

"నువ్వు వేస్తే కాదంటానా తల్లీ" అన్నారు.

కొండలు దగ్గర పడుతుంటే అందరూ లేచి కమ్ముల దగ్గరికి వెళ్ళారు. గోదావరి సన్నబడి, రెండు పక్కలా పచ్చటి గోడల్లా కొండలు లేచాయి. మాస్టారు మాత్రం చాప మీదే ఉండిపోయారు. ఆ చలిలో ఆయన చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. అమ్మాజీ పరుగున వచ్చి విసనకర్ర లేక పైట చెంగుతో విసిరింది.

"ఆ జావ ఉందా అమ్మాజీ?" అన్నారాయన.

ఆమె గిన్నె మూతలో కాస్త పోసి ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా దోసిలిలా పట్టుకున్నారు. వాళ్ళ నాన్న పట్టినట్టే. "కాస్త ఆగి తాగుతాను" అన్నారు. మూత చేతుల్లోంచి జారి, జావ చాప మీద ఒలికింది.

లాంచీ వెనక్కి తిప్పారు. ఆ కొండల మధ్య డాక్టరెవరు? పోలవరం చేరకముందే ఆయన పోయారు. సాలమోను ఆయన తల తన ఒళ్ళో పెట్టుకుని, బావగారూ అని పిలుస్తూనే ఉన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సమాధి కార్యక్రమం అయ్యాక ఎన్నాళ్ళకో అమ్మాజీ ఆ సంచి విప్పింది. మిగిలిన జావ పులిసి, బూజు కట్టి ఉంది. దాన్ని పారబొయ్యలేక, గిన్నె ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకే దాకా పెరట్లో కూర్చుంది. రాజోలులో పుష్పలత ఆనాటి నుంచి ఎవరి ఆకులోనూ ఏమీ వడ్డించలేదు. మామగారు అడగలేదు, అత్తగారు దెప్పలేదు. అన్నం వండేది, కూర వండేది, గరిటె అక్కడ పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయేది.

ఏడాది తిరిగింది. నగరంలో మాస్టారి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పొద్దున్న ప్రార్థన, తరవాత ఫలహారం. ఫలహారం బాధ్యత తనదేనని సాలమోను వంటవాళ్ళతో సహా దిగారు. ఆ రోజు జావా ఇడ్లీలూ పెడదామని అమ్మాజీ అంటే, బావగారి పేరు మీద జావ పొయ్యడమేంటండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.  అమ్మాజీ పెరట్లో వేరే పొయ్యి మీద తన గంగాళం తను ఎక్కించింది.

బంతి కూర్చుంది. గారెల బుట్ట సాలమోనే పట్టారు. మాస్టారితో కలిసి పనిచేసిన వరప్రసాదం మాస్టారికి కూడా షుగరే. ఒక గారె తుంచి నోట్లో వేసుకుని, ఇక చాలండీ అని ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టారు. సాలమోను అలవాటు కొద్దీ, "ఇంకొక్కటండీ, మాస్టారి పేరు చెప్పి" అంటూ ఆ వేళ్ళ మీదికి గారె ఎత్తారు.

గుమ్మంలో నిలబడ్డ పుష్పలత గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది మాట కాదు, ఏడుపూ కాదు. బంతి మొత్తం చేతులు ఆపేసింది. సాలమోను చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

అప్పుడు గోడవారన కూర్చున్న ఎలీసమ్మ నోరు విప్పింది.

"ఒరే సాలమోనూ, ఆ బుట్ట కింద పెట్టు. నువ్వు చంటోడివిగా ఉన్నప్పుడు నేను ఆసామి పెరట్లో అంబలికి దోసిలి పట్టేదాన్ని. చాలలేదండీ అంటే వినేవోరు కాదు. చాలండీ అన్నా వినేవోరు కాదు. మన నోటి మాటకి విలువ లేని రోజులవి. ఆ అంబలికి సిగ్గుపడుతున్నావు నువ్వు. సిగ్గుపడాల్సింది మనం కాదురా, మన మాట వినిపించుకోనోళ్ళు. ఇయ్యాల నీ బంతిలో కూర్చున్న మనిషి చాలంటే నువ్వూ వినడం లేదు. ఇంక మనం ఎదిగిందేంటిరా? మాస్టారు ఆ జావతో వంతెన దాటేడు. మన మర్యాదతో పోయేడు."

సాలమోను బుట్ట దించారు. పెరట్లోకి వెళ్ళి, అమ్మాజీ ముందు నేల మీద కూర్చుని దోసిలి పట్టారు. ఆమె ఆయన ముఖం చూడలేదు. చూడగలిగేంత మనసు ఆమెకు ఇంకా రాలేదు. కానీ దోసిట్లో పొయ్యలేదు. స్టీలు గ్లాసు కడిగి, జావ పోసి ఇచ్చింది. తరవాత లోపలికి వచ్చి, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, వరప్రసాదం మాస్టారి దగ్గర మొదలుపెట్టి బంతిలో ఎవరికి కావాలంటే వారికి అడిగి పోసింది. వద్దన్నవాళ్ళ ముందు ఆగి, తల ఊపి, ముందుకు జరిగింది. రెండో గ్లాసు పట్టుకుని ఆమె వెనకే పుష్పలత నడిచింది.

అయ్యా, అమ్మా, చదివిన మీరంతా ఇళ్ళల్లో బంతులు వేసేవారే. పొద్దుటి పూట తేలికగా తినడం లేనితనం కాదు, ఒంటి మీద ఎరుక. పిండివంటలు చేసుకోండి, ప్రేమగా పిలవండి, మొదటిసారి నిండుగా వడ్డించండి. కానీ చేతులు అడ్డం పెట్టిన మనిషి ఆకు ముందు ఆగిపోండి. అదే మర్యాద.

ఇట్లు,
నేలపూడి చిట్టెమ్మ, వయసు అరవై మూడు,
ప్రస్తుతం కొత్తపేటలో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.