అతుకు కనబడని టోపీ

ఉదయం తొమ్మిదీ నలభైకి కాంతమ్మ ఫ్లాస్కులో చాయ్ పోసి మూత బిగించింది. 1989 ఫిబ్రవరి. ఆర్మూర్‌కు కొత్త పసుపు రావడం మొదలైన రోజులు. ఇంటి ముందు భాగంలో రైతుల పసుపు అమ్మిపెట్టే భర్త నారాయణదాస్ అడ్తి దుకాణం, వెనక కాపురం. తొలి కాన్పుకు బాల్కొండ నుంచి పుట్టింటికి వచ్చిన కూతురు పద్మ నిన్న సాయంత్రం నుంచి బస్టాండు దగ్గరి నర్సింగ్‌హోంలో ఉంది. చాయ్ అక్కడికే.

కాంతమ్మ ఊలు పని ఊరంతటికీ తెలుసు. రెండు అంచులను మామూలుగా కుడితే మధ్యన గట్టు లేచి పసిపిల్లల నెత్తికి ఒత్తుకుంటుంది. ఆమె అంచుల మెలికలను ముడి వేయకుండా వదిలేసి, మొద్దు సూదిలో అదే ఊలు ఎక్కించి, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తీస్తూ మధ్యలో ఇంకో వరుస అల్లినట్టే కలుపుతుంది. తర్వాత అతుకు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. పుట్టబోయే బిడ్డ టోపీని మాత్రం నడినెత్తిన తెరిచే ఉంచుతుంది. బిడ్డ బయటపడ్డాకే కలపాలి. ముందే కలిపితే కాన్పు కాదు. జక్రాన్‌పల్లి నుంచి వచ్చే గర్భిణులు కూడా పైన తెరిచి ఉందో లేదో వేలు పెట్టి చూసుకుని టోపీ తీసుకెళ్తారు.

కొడుకు భూమేశ్వర్ స్కూటర్‌ను గోడకు ఆనించి లోపలికి వచ్చాడు.

“అమ్మా, నొప్పులు ఆగినయి. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నదట. నిజామాబాద్ తీసుకపోయి ఆపరేషన్ చేపియ్యాలె అంటున్నది డాక్టరమ్మ. జీపు మాట్లాడిన. తోవల ఏమైతదో చెప్పలేనన్నది.”

కాంతమ్మ ఫ్లాస్కు కింద పెట్టింది. “పద్మ బిడ్డ టోపీ ఎవరు ముట్టుకున్నరు?”

వంటింటి గడపలో కోడలు వసుమతి నిలబడి ఉంది. ఈ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు.

“నేనే అత్తమ్మా. నిన్న అమావాస్య గద. అమావాస్యకు ఒక్క సంచి మూతి తెరిచి ఉండొద్దని మామయ్య సంచులు కుట్టే నర్సవ్వోళ్లను తొందర పెట్టె. అన్ని సంచులు కుట్టిర్రు. ఇంట్ల గీ టోపీ ఒక్కటే మిగిలె. వదినకు నొప్పులు మొదలైనయి గద, ఇంక పుట్టినట్టే అనుకుని కలిపేసిన.”

నారాయణదాస్ దుకాణంలోంచి వచ్చాడు. “నేను చెప్పింది సంచుల సంగతి బిడ్డా, టోపీల సంగతి కాదు!” కోడలి మొహం చూసి గొంతు తగ్గించాడు. “కత్తెర తేరా భూమేశ్.”

“కత్తెర పెట్టొద్దు,” అంది కాంతమ్మ. “కుట్టినట్టే విప్పాలె.”

టోపీని వాకిట్లో ఎండకు పట్టింది. తను కలిపితే ఊలు కొస ఎప్పుడూ ఎడమ మూలకే ముగుస్తుంది. అక్కడ లేదు. లాగి చూసింది, తిప్పి చూసింది. వరుసలన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి.

“నా కంటె మంచిగ కలిపినవ్ పో. ఏడనే నీ కొస?”

“కనబడ్తలేదు అత్తమ్మా,” వసుమతి ఏడ్చేసింది.

“ఏడుపు తర్వాత. ఎటు దిక్కు నుంచి మొదలుపెట్టినవ్?”

వసుమతి కళ్లు మూసుకుని గాలిలో సూది ఆడించింది. చెయ్యి ఎడమ నుంచి కుడికి పోయింది. ఊలు పట్టకముందు మెట్‌పల్లిలో, తండ్రి గోదాములో, ఆటకు సంచులు కుట్టిన చెయ్యి అది.

“సంచి లెక్క కుట్టిన అత్తమ్మా! కొస కుడి మూల చెవు కింద, రెండు వరుసలు దింపి దాచిన!”

కాంతమ్మ కుడి మూల కింద గోటితో గీరింది. ఊలు కొస లేచింది. ఒక్కొక్క మెలికా వదులుతుంటే వసుమతి దాన్ని జారిపోకుండా సూది మీదికి ఎక్కించింది. సగం విప్పేసరికి దుకాణంలో ఫోన్ మోగింది. నర్సింగ్‌హోం నుంచి నర్సు లిదియా.

“సేటు, జీపు ఆపుండ్రి. నొప్పులు తిరిగొచ్చినయి.”

“వచ్చినయట!” అని నారాయణదాస్ లోపలికి అరిచాడు. “మీరు ఆపకుండ్రి!”

రిసీవర్ పెట్టేయడం అక్కడ లిదియా, ఇక్కడ ఆయన, ఇద్దరూ మరిచారు. ఆఖరి మెలిక సూది మీదికి ఎక్కిన కాసేపటికి ఫోన్‌లోంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. సన్నగా, కోపంగా.

నారాయణదాస్ పక్కనున్న పసుపు బస్తా మీద కూలబడ్డాడు. లేచేసరికి తెల్ల ధోతి వెనక పచ్చగా అయింది. భూమేశ్వర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

“నవ్వురా, నవ్వు. మేనమామవైనవ్.”

ఆడపిల్ల. సాయంత్రం కాంతమ్మ మొద్దు సూది కోడలి చేతికిచ్చింది. “ఇంక నువ్వే కలుపు. నీ చెయ్యి సాఫుగ ఉన్నది. కొస మాత్రం నాకు చెప్పి దాచు.”

పురుడు స్నానం నాడు లిదియా పిల్లను చూడ్డానికి వచ్చింది. పిల్ల పుట్టినప్పుడు మెడ మీద రెండు చుట్ల గుర్తు ఎర్రగా ఉందని, బొడ్డుపేగు మాత్రం మెడకు లేదని, విప్పినట్టు వదులుగా పక్కన పడి ఉందని ఆమె చెప్పింది.