మా దుకాణంలో పరుపు

కరోనా మనుషుల్నే కాదు, మా దుకాణంలో పరుపును కూడా ఎత్తుకుపోయింది. పాతబస్తీలోని మా చీరల దుకాణానికి తెల్ల దుప్పటి పరిచిన ఆ పరుపే అందం. కొనేవాళ్లూ కూర్చోవాలి, అమ్మేవాళ్లూ కూర్చోవాలి. నిలబడి చీర చూపిస్తే గిరాకీని తొందరపెట్టినట్టని పెద్ద సేటు అనేవాడు. మేమంతా బాపూ అని పిలిచే జగన్నాథం ముప్పై ఏళ్లు దాని మీద కూర్చునే చీరలు అమ్మాడు.

లాక్‌డౌన్ అయ్యాక షట్టర్ ఎత్తేసరికి ఆరుగురు పనివాళ్లలో బాపు, బిల్లులు రాసే నేను మిగిలాం. పోయినవాళ్ల పనీ మా నెత్తినే పడింది. రోగం అంటుకుంటుందని పరుపు చుట్టి మేడ మీద పడేశారు. ప్రాణభయం కదా, ఎవరం నోరెత్తలేదు. రోగం పోయింది, మాస్కులు పోయాయి, పరుపు మాత్రం కిందికి రాలేదు. మమ్మల్ని నిలబెట్టి పని చేయించుకునే రుచి మరిగాడు చిన్న సేటు నందకిశోర్. ఇప్పుడు సగం అమ్మకాలు ఫోన్‌లో చీరలు చూపించే లైవ్‌లోనే. అందులో మాట్లాడటానికి వర్షిత అనే అమ్మాయిని పెట్టాడు.

పదకొండు గంటలు నిలబడీ నిలబడీ బాపు కాళ్లలో నరాలు ఉబ్బి నల్లబడ్డాయి. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టర్ రాసిచ్చిన చీటీ చూపిస్తే సేటు చదవనైనా లేదు.

"నిలబడనీకి చాతగాకుంటే ఇంటికాడ కూసో బాపూ. నేనేం జబర్దస్తీ చేస్తలేను."

నాకు ఒళ్లు మండిపోయింది. బాపు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ వయసులో ఇంకో దుకాణంలో పని ఎవరిస్తారు?

మొన్న లైవ్ చూసేవాళ్లెవరో పాతకాలం దుకాణంలా పరుపు వేసి చూపించమన్నారు. అంతే, మర్నాడే దిగింది పరుపు! కొత్త దుప్పటి, రెండు దిండ్లు, మధ్యలో వర్షిత. బాపు పక్కన నిలబడి చీరలు అందించాలి. ఇన్నేళ్లుగా ఆయన కాళ్ల కోసం దిగని పరుపు ఫోన్ కోసం ఒక్క రోజులో దిగింది. సిగ్గుండాలి!

గంట గడిచేసరికి బాపు గోడకు ఆనుకున్నాడు. నేను ఉండబట్టలేక, లైవ్ నడుస్తుండగానే గట్టిగా అన్నాను.

"బాపూ, నువ్వు గూడ కూసో. కూసోనే చూపించు."

బాపు సేటు వైపు చూశాడు. "కూసోవచ్చునా సేట్?"

ముప్పై ఏళ్లు ఆ పరుపు మీద బతికిన మనిషి అడగాల్సిన మాటేనా అది? చూస్తున్న నాలుగు వందల మందీ విన్నారు. సేటు నవ్వు పులుముకున్నాడు.

"అరే, గిట్ల అడుగుతరా బాపూ? మీ దుకాణమే గదా!"

బాపు కూర్చున్నాడు. వర్షిత జరిగి చోటిచ్చింది. చాలా రోజులకు ఆయన మొహం తేటపడింది. ఒకదాని వెంట ఒకటి చీరలు విప్పి చూపించాడు.

లైవ్ ఆగగానే సేటు నవ్వూ ఆగింది. నా వైపు తిరిగాడు.

"ఇగ లేవుండ్రి. అమలా, పరుపు సుట్టి పైన వెయ్యి."

బాపు లేవడానికి నేల మీద చెయ్యి ఆనించాడు. నేను వెళ్లి ఆయన పక్కనే కూర్చుని ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మేం లేవం సేట్. సుట్టాలంటే మమ్మల్ని గూడ కలిపి సుట్టు."