ఎవరూ కొనని బండి

మా కార్ఖానాలో తన్నుబండ్లు చేస్తాం. ముందు ఒక కుర్చీ, కింద రెండు పొడవాటి ఇనపకమ్ములు. ఒక కాలు కమ్మి మీద పెట్టి, రెండో కాలితో మంచును తన్నుకుంటూ పోవడమే. ఊళ్లో ముసలమ్మలందరూ వాటి మీదే కొట్టుకెళ్లి పాలూ బ్రెడ్డూ తెచ్చుకునేవాళ్లు. ఎవరూ జారిపడకూడదని మునిసిపాలిటీ వాళ్లు కాలిబాటల మీద కంకర చల్లడం మొదలుపెట్టి మా నోట్లో మట్టి కొట్టారు. కంకర మీద కమ్మి జారదు, కిర్రుమని ఆగిపోతుంది.

మా బండ్లన్నీ కొని ఊళ్లో అమ్ముకునే సిక్‌స్టెన్ తేల్చి చెప్పేశాడు. శుక్రవారంలోగా దీనికేదైనా ఉపాయం చూడకపోతే ఈ ఏడాది ఒక్క బండీ తీసుకోడట. అతను తీసుకోకపోతే మేం పదకొండు మందిమీ ఇంటికే. నాకు యాభై ఎనిమిదేళ్లు, బండ్లకి రంగులెయ్యడం తప్ప ఇంకో పని రాదు. భయమేసింది, దాచడమెందుకు.

యజమానురాలు ఇంగెగెర్డ్ సోమవారమే అందర్నీ కాఫీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

"ఎవరికైనా మంచి ఆలోచన ఉందా?"

ఎవరూ నోరు మెదపలేదు. మా ఉత్తర స్వీడన్ పక్క మంచి ఆలోచన నా దగ్గరుందని చెప్పడమంటే, మీ అందరికంటే నేనే గొప్ప అని చెప్పుకున్నట్టు. అంతకంటే సిగ్గుమాలిన పని లేదు. అందరం దాల్చినచెక్క బన్నుల వైపు చూస్తూ కూర్చున్నాం. మూడు రోజులు ఇదే తంతు. బన్నులు మాత్రం బాగానే ఖర్చయ్యాయి.

గురువారం పొద్దున నాకు ఒళ్లు మండింది.

"నువ్వు అడగడమే తప్పడుగుతున్నావు, ఇంగెగెర్డ్."

"అయితే నువ్వడుగు మైవోర్, నోరుందిగా నీకు."

"సరే వినండి. ప్రపంచంలో ఎవరూ కొనని బండి చెయ్యాలంటే ఎలా? పరమ చెత్త ఆలోచనలు కావాలి నాకు. చీటీ మీద రాసి పడెయ్యండి, పేర్లక్కర్లేదు."

కట్ట తెగినట్టయింది! పెన్నుల కోసం కొట్టుకున్నారు. కమ్ములు రబ్బరుతో చెయ్యాలని ఒకరు, కుర్చీ పీకేసి నిచ్చెన పెట్టాలని ఇంకొకరు, కంకర కూడా మనమే అమ్మాలని మరొకరు. ఇంగెగెర్డ్ చదువుతుంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆమె ఆఖరి చీటీ తీసింది.

"మంచు మీద పోయే బండికి చక్రాలు పెట్టాలి. కాలితో మీట నొక్కితే దిగాలి. చూసినవాళ్లు నవ్విపోతారు."

నవ్వాం కూడా. అంతలో నాకు తట్టింది.

"ఆగండాగండి. కంకర మీద చక్రం దొర్లుతుంది కదా?"

ఆ మధ్యాహ్నమే పాత పిల్లల బండి చక్రాలు విప్పి ఒక తన్నుబండికి బిగించాం. శుక్రవారం సిక్‌స్టెన్ వచ్చి మంచు మీద తన్నుకుంటూ పోయి, కంకర రాగానే మీట నొక్కాడు. చక్రాలు దిగాయి, బండి ఆగకుండా దొర్లింది. మా గేటు దాటి పోస్టాఫీసు దాకా పోయి వెనక్కొచ్చాడు.

"మూడు వందల బండ్లు తీసుకుంటా," అన్నాడు రొప్పుతూ. "కానీ ఇది కనిపెట్టినవాళ్లే సోమవారం నాతో వచ్చి, కాలిబాటల మీద నడపనివ్వమని మునిసిపాలిటీకి చూపించాలి. వాళ్ల ప్రశ్నలకి జవాబు చెప్పడం నా వల్ల కాదు. రానంటే బేరం లేదు."

"ఎవరిది ఆలోచన?" అంది ఇంగెగెర్డ్.

పదకొండు మందిమీ నేల చూపులు చూశాం.

"ఎవరిదని ఏముంది, అందరిదీను," అని ఎవరో గొణిగారు.

సిక్‌స్టెన్ కారు తాళాలు బయటికి తీశాడు. నోటిదాకా వచ్చిన కూడు ఈ మొహమాటంతో నేలపాలయ్యేలా ఉంది.

"నేనింకోలా అడుగుతా," అన్నాను. "నిన్న మన బల్ల దగ్గర అందరికంటే దద్దమ్మ ఆలోచన ఎవరిది?"

వెనక నుంచి ఒక చెయ్యి నిటారుగా లేచింది. వెల్డింగ్ చేసే ఓస్తెన్. ఏడాదికి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

"నాదే, ఆ చక్రాల చీటీ," అన్నాడు రొమ్ము విరుచుకుని. "ఆ రబ్బరు కమ్ములవాడు నా కాలిగోటికి కూడా చాలడు."