ఉప్పునీళ్ళ బారాత్

ఐదువందల మందికి వండమంటే నూరుద్దీన్‌కి చిటికెలో పని. ఒక్కడికి వండమంటే చేతకాదు. నవ్వొచ్చే మాటే గానీ నిజం. బియ్యం ఎంత పోయాలో తెలియదు, ఉప్పు ఎంత వేయాలో తెలియదు. ఆ చేతికి గుప్పెడు తప్ప వేరే కొలత అలవాటు లేదు. భార్య అజీజా బేగం పోయాక కొన్నాళ్ళు వండాడు, సగం తిన్నాడు, సగం పారబోశాడు. చివరికి పొయ్యి ముట్టించడమే మానేశాడు. మహబూబ్‌నగర్‌లో ఎన్నో పెళ్ళిళ్ళకు బిర్యానీ వండిన ఉస్తాద్ పూటపూటకీ చాయ్‌లో బన్ను ముంచుకుని తింటున్నాడంటే ఎవరికి చెప్పుకోవాలి? ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

పిలిచేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న కేటరింగ్ కుర్రాళ్ళు వచ్చారు. వండినవాడు ఎవడో తిన్నవాడికి తెలియకుండా పోయింది. ఒకప్పుడు అలా కాదు. బంతి సగంలో ఉండగా నూరుద్దీన్ భుజం మీద తువ్వాలుతో పొయ్యిల దగ్గర నుంచి లేచి వచ్చేవాడు. ఒక్కొక్కరి ముందు వంగి "జర ఇంక తీస్కోండి" అనేవాడు. కడుపు నిండినవాడు కూడా ఆ మాటకు ఇంకో ముద్ద వేయించుకునేవాడు. కోస్గి నుంచి మక్తల్ దాకా ఆయనతో తిరిగిన పెద్ద రాగి దేగ్, ఇద్దరు పట్టి లేపాల్సిన బిర్యానీ పాత్ర, ఇప్పుడు ఇంటి వెనక రేకుల కింద బోర్లించి ఉంది. కొంటామని వచ్చినవాళ్ళను ఆయన గుమ్మంలో నుంచే పంపేశాడు.

అంతమందికి పెట్టిన చేయి అజీజాకు పెట్టలేకపోయింది. ఆయన్ని లోపల తినేసేది అదే. జబ్బు ముదిరి హైదరాబాద్ దవాఖాన చుట్టూ తిరిగిన రోజుల్లో, చుట్టాల ఇంట్లో కిచిడీ వండి, గంజి కాచి, డబ్బాలో పట్టుకుని వెళ్ళేవాడు. ఆమె ఒక చెంచా నోట్లో పెట్టుకుని ముఖం తిప్పేసుకునేది. ఆ దవాఖానలో మనుషులు కూర్చునే హాల్లో ఒక పెద్ద గాజు తొట్టి ఉండేది. సముద్రపు చేపలు. ఒక రోజు అక్కడి మనిషి మేత వేస్తుంటే అజీజా కళ్ళార్పకుండా చూసింది.

"సూడు, ఎంత ఆశగ తింటున్నయో," అంది.

"నువ్వు గూడ గట్ల తినరాదు?" అన్నాడు నూరుద్దీన్.

ఆమె నవ్వింది. తినలేదు.

ఆమె పోయిన మరుసటి ఎండాకాలం ఆయన నవీన్‌కుమార్ చేపల దుకాణానికి వెళ్ళాడు. నవీన్ తొట్లు, రంగురంగుల చేపలు అమ్ముతాడు. ముసలాయన అడిగింది విని తల గోక్కున్నాడు.

"చాచా, గోల్డ్ ఫిష్ తీస్కపో. పరేషాన్ ఉండదు. ఉప్పునీళ్ళ చేపలు మస్తు నాజూకు. నేనే ఇంతవరకు ఎవరింట్ల పెట్టలే."

"నాకు గవే కావాలె బేటా."

"తాగే నీళ్ళకే ట్యాంకర్ ఎంబడి ఉరికిన పాలమూరు చాచా మనది. ఈడ సముద్రం ఏడ పెడ్తవు?"

"అజీజా మంచం తీసేసిన జాగల," అన్నాడు నూరుద్దీన్. నవీన్ కొలత టేపు తీసుకుని ఆయన వెంట నడిచాడు.

తొట్టి వచ్చింది. నవీన్ తన దుకాణంలోనే ఉప్పునీళ్ళు కలిపి డ్రమ్ములతో ఆటోలో తెచ్చి పోశాడు. నీళ్ళు కుదురుకోవాలని వారాల తరబడి ఖాళీ తొట్టినే నడిపించాడు. ఖాళీ నీళ్ళను కూడా నూరుద్దీన్ కుర్చీ వేసుకుని చూశాడు. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి చేపలు వచ్చాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేప ఒకటి, చుట్టూ తిరగడానికి చిన్న చిన్న నీలం చేపలు కొన్ని. పెళ్ళిళ్ళ వంటవాడి బుర్ర కదా, నారింజ చేపకు దుల్హా అని పేరు పెట్టాడు. పెళ్ళికొడుకన్నమాట. నీలంవన్నీ బారాతీలు, పెళ్ళికొడుకు వెంట ఊరేగింపుగా వచ్చిన జనం. ఇంట్లో మళ్ళీ పెళ్ళి సందడి వచ్చింది, చప్పుడు లేని సందడి.

"పొద్దుగాల చిటికెడు, మాపటికి చిటికెడు. అంతకు మించి ఎయ్యొద్దు. తినంగ మిగిలితే నీళ్ళు ఖరాబైతయి," అని నవీన్ మరీ మరీ చెప్పాడు. చిటికెడు! ఆ వయసులో నూరుద్దీన్ చిటికెడు అనే కొలత నేర్చుకున్నాడు. ఆయన నీడ అద్దం మీద పడగానే చేపలన్నీ పైకి వచ్చేవి. మేత వేసి, వంగి, "జర ఇంక తీస్కోండి" అనేవాడు గానీ ఇంకో చిటికెడు వేసేవాడు కాదు. ఆ మాట అనడానికి ఒక చోటు దొరికింది, అదే ఆయనకు చాలు. ఎవరో ఒకరు తన చేత్తో పెట్టింది తింటున్నారు. బతకడానికి అంతకంటే పెద్ద కారణం ఆయన అడగలేదు.

వారం వారం కొంత నీరు తీసేసి కొత్త ఉప్పునీళ్ళు పోయాలని చెప్పి, ఉప్పు ప్యాకెట్లు ఇచ్చి వెళ్ళాడు నవీన్. క్యాన్ల నీళ్ళలో ఉప్పు కలిపి, ఒక రోజంతా ఊరనిచ్చి పోయాలి. "సాఫ్‌గ ఉన్న పెద్ద గిన్నెల కలుపు చాచా," అన్నాడు. అంత పెద్ద గిన్నె ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

దేగ్ తిరగేశాడు. చింతపండు, బూడిద పెట్టి మధ్యాహ్నమంతా తోమాడు. ఎన్నాళ్ళకో దానికి పని దొరికిందని ఆయనకే పండగలా ఉంది. రాగి పాత్ర లోపల తగరంతో పూసే పూతను కళాయి అంటారు. ఆ దేగ్ కళాయి ఎప్పుడో అరిగిపోయింది. గల్లీలో కళాయి పోసే ముసలాయన పోయాక మళ్ళీ పోయించినవాళ్ళు లేరు. మిగిలిన కొంచెమూ ఆ తోముడుకు ఊడిపోయి లోపలంతా ఎర్రగా మెరిసింది. చూశాడు. పొయ్యి మీద పెట్టేదా, మనుషులు తినేదా, నీళ్ళే కదా అనుకున్నాడు. ఉప్పు వేస్తూ నాలుక మీద చుక్క వేసుకుని చూశాడు, సరిపోయింది. ఉప్పు తప్ప ఇంకే రుచీ లేదు. అప్పుడే కలిపిన నీళ్ళు మరి.

మొదటి బారాతీ ఆ వారమే పోయింది. పొద్దున చూసేసరికి ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. నవీన్ వచ్చి, నీళ్ళు చిన్న గాజు గొట్టాల్లో పోసి రంగులు చూసి, "అంత కరెక్టే ఉన్నది చాచా. కొత్త తొట్టిల ఒకటో రెండో పోతయి. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

రెండోది పోయింది. ఎండ వేడి అనుకుని తొట్టికి ఫ్యాను పెట్టాడు, తను చెమటతో కూర్చున్నాడు. ఇంకొకటి పోయింది. కరెంటు పోయినప్పుడు గాలి ఆడలేదేమో అని బ్యాటరీ పెట్టించాడు. మేత ఎక్కువైందేమో అని చిటికెడు కాస్తా సగం చిటికెడు చేశాడు. దిష్టేమోనని ఎండుమిరపకాయలు తొట్టి చుట్టూ తిప్పి బయట పారేశాడు. దిష్టి పెట్టడానికి ఆ ఇంటికి వచ్చేవాళ్ళు ఎవరున్నారని మాత్రం ఆలోచించలేదు.

"నీళ్ళల్ల మనకు కనవడనిది ఏదో ఉన్నది," అన్నాడు నవీన్ చివరికి. "వారానికోపారి కాదు చాచా, రెండు పార్లు మార్చు."

రెండుసార్లు మార్చాడు. ఇంకా తొందరగా పోయాయి. చచ్చిన ప్రతి చేపనూ గుడ్డలో చుట్టి వెనక జామచెట్టు కింద పూడ్చాడు. తోమిన దేగ్ పక్కనే, దాని నీడలోనే. మనసు ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది. తప్పు నీళ్ళది కాదు, ఎండది కాదు, నా చేతిది అనుకున్నాడు. ఈ చేత్తో ఏది పెట్టినా ఇక ఎవరికీ ఒంటికి పట్టదు. రాత్రంతా కాదు, పగలంతా అదే అనుకున్నాడు. పగలు ఆ ఇంట్లో చాలా పొడుగ్గా ఉంటుంది.

బారాతీలు అందరూ అయిపోయారు. దుల్హా ఒక్కటే మిగిలింది. శుక్రవారం మేత వేస్తే రాలేదు. తొట్టి మూల రాయి వెనక తల కిందికి పెట్టి, మొప్పలు టపటపా కొట్టుకుంటూ నిలబడింది. శనివారం మేత దాని ముక్కు ముందు నుంచే కిందికి దిగిపోయింది. అది ముఖం తిప్పుకుంది.

ఆ తిప్పుకోవడం నూరుద్దీన్‌కి తెలుసు. కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి లేచి, దానికోసం చేయగలిగిన పని అదొక్కటే కాబట్టి, నిన్న కలిపి ఊరబెట్టిన ఉప్పునీళ్ళు తేవడానికి బకెట్టు పట్టుకుని దేగ్ దగ్గరకు వెళ్ళాడు.

అప్పుడే ఇస్రాయేలు వచ్చాడు. గోడ అవతలి ఇల్లు ఆయనది. ఆఫీసులో అటెండరు, వాళ్ళ చర్చిలో పెద్దమనిషి.

"నూరన్నా, రేపు ఐతారం మా చర్చి పండుగ. అందరికి అన్నాలు పెడ్తున్నం. నీ దేగ్ ఒక్క దినం ఇస్తవా? పప్పుచారు కాస్తం."

ఏడ్చిన కళ్ళు ఏడ్చినట్టే ఉన్నాయి. కానీ వంటవాడి కోపం కళ్ళకంటే ముందు లేచింది.

"చారా? గీ దేగ్లనా? దిమాగ్ ఉన్నదా ఇస్రాయేలూ? సూడు, కళాయి లేదు. పులుపు వడ్డా, ఉప్పు వడ్డా రాగి ఊరి జహరైతది! మక్తల్ల ఏం జేసిన్నో నీకెరికే గదా? కళాయి పోయిన దేగ్ల పోరడు పుల్లటి దాల్చా పోస్తే, పెండ్లికొడుకు బాపు మొత్తుకుంటున్నా ఇనకుంట మొత్తం మన్నుల పారవోసిన. తిన్నోళ్ళు సస్తరని—"

ఆగిపోయాడు.

చేతిలో బకెట్టు ఉంది. బకెట్టు ముందు దేగ్ ఉంది. దేగ్‌లో నిన్నటి నుంచి ఊరుతున్న ఉప్పునీళ్ళు ఉన్నాయి.

వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు వెనకాల, నోరంతా పట్టేసే చిలుము రుచి. పనివాళ్ళను ఎంతమందిని తిట్టాడో ఈ రుచి కోసం. కలిపిన రోజు చూశాడు గానీ, ఊరిన తర్వాత ఒక్కసారీ చూడలేదు. మనుషులకు పెట్టే ఏ వంటైనా దింపాక రుచి చూడకుండా వడ్డించినవాడు కాదు.

"ఏమైందన్నా?"

"నేనే," అన్నాడు నూరుద్దీన్. "నేనే సంపుకున్న. మాటిమాటికి జహర్ కలిపి పోసిన."

ఇస్రాయేలుకు సగమే అర్థమైంది. అయినా పాత్ర అవతలి చెవి పట్టాడు. ఇద్దరూ కలిసి దేగ్‌ను ఒరిగించారు. నీళ్ళు జామచెట్టు పక్క నుంచి మోరీలోకి పోయాయి.

ఫోన్ ఎత్తిన నవీన్‌కి అంతా చెప్పాడు నూరుద్దీన్. "రాగా? నువ్వు ప్లాస్టిక్ బకెట్లనే కలుపుతున్నవనుకున్న చాచా. నేనన్న అడగకపోతి. సముద్రం చేపలకు రాగి అంటే జహరే," అన్నాడు. సాయంత్రం దుకాణం మూసి కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము, తను కలిపిన నీళ్ళు, రాగిని పీల్చే బొగ్గు సంచి తెచ్చాడు. చాలా నీళ్ళు మార్చాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "బతుకుతదని చెప్పలేను," అన్నాడు.

ఆదివారం పొద్దున దుల్హా రాయి వెనకే ఉంది. మేత వేయడానికి నూరుద్దీన్‌కి ధైర్యం చాలలేదు. వేయకపోతే అది తినలేదని అనుకోనక్కర్లేదు కదా. మధ్యాహ్నం ఇస్రాయేలు స్టీలు డబ్బాతో వచ్చాడు.

"కిరాయి బగోనలల్ల కాసినమన్నా. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. నువ్వు రారాదు, అందరం కూసొని తింటున్నం."

"రాలేను తమ్మీ. దీన్ని ఇడిసిపెట్టి ఎట్లొస్త?"

ఇస్రాయేలు తొట్టి వంక చూశాడు, ఆయన వంక చూశాడు. డబ్బా స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయాడు. గోడ అవతల నుంచి వడ్డించేవాళ్ళ కేకలు, గరిటెల చప్పుడు వినిపిస్తున్నాయి. ఆ చప్పుడు వింటూ నూరుద్దీన్ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి సగం చిటికెడు మేత నీళ్ళ మీద రాల్చాడు.

దుల్హా రాయి వెనక నుంచి వచ్చింది. ఒక రేణువు నోట్లో పెట్టుకుంది. బయటికి ఊసేసింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అది మళ్ళీ పైకి వస్తోంది. ఒకటి తీసుకుంది. ఈసారి ఊయలేదు. ఇంకొకటి తీసుకుంది. కిందికి జారుతున్నదాన్ని వెంటపడి అందుకుంది.

"జర ఇంక తీస్కో," అన్నాడు నూరుద్దీన్. చేయి మేత డబ్బా దాకా వెళ్ళి ఆగింది. సగం చిటికెడే.

ఆకలి అప్పుడు తెలిసింది. స్టూలు మీది డబ్బా తెరిచి, కంచంలో అన్నం పెట్టుకుని, చారు పోసుకున్నాడు. పులుపు కొంచెం ఎక్కువైంది, అయినా తిన్నాడు. దుల్హా అద్దం దగ్గరకు వచ్చి, ఆయన తింటున్నంతసేపూ అక్కడే ఆగింది. కంచం ఖాళీ అయింది. ఇంకొంచెం తీసుకోమనేవాళ్ళు ఎవరూ లేరు. అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆ మాట కోసం ఆగి, డబ్బాలో మిగిలింది తనే వడ్డించుకున్నాడు.