వెనక తలుపు బండి

నేను ఒక పొడుగు కారును. కంపెనీ కాగితాల్లో నా పేరు స్టేషన్ వ్యాగన్. ఆ పేరును బందరులో ఎవరూ ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు. వాళ్ళను తప్పుపట్టను, స్టేషనుకూ నాకూ సంబంధమేమిటో నాకే తెలియదు. వాళ్ళు పెట్టుకున్న పేరు ‘వెనక తలుపు బండి’. ముందు నుంచి చూసినవాళ్ళు కారనుకునేవారు, వెనక నుంచి చూసినవాళ్ళు వ్యాననుకునేవారు. నన్ను రెంటికీ చెడ్డ రేవడి అని వెక్కిరించిన టాక్సీలన్నీ ఈపాటికి కరిగిపోయి ఎవరి కిటికీ ఊచలుగానో మారి ఉంటాయి. నేనింకా ఉన్నాను. ఆ వెనక తలుపు వల్లే ఉన్నాను. ఒకసారి దానివల్లే పోబోయాను కూడా.

కలకత్తా వైపు ఒక కర్మాగారంలో పుట్టాను. ఎన్ని చేతులు కలిస్తే నేను తయారయ్యానో లెక్కలేదు కాబట్టి, నా తల్లెవరని అడిగితే చెప్పలేను. నా మొదటి యజమాని మాత్రం బాగా గుర్తు. ఆయన పెడనలో కలంకారీ దుప్పట్ల వ్యాపారి భావనారాయణ గారు. అద్దకం ఆరీ ఆరని దుప్పట్ల మూటలు నా వెనక భాగం నిండా ఎక్కించేవారు. అద్దకానికి వాడే కరక్కాయ వాసన, బెల్లం పులిసిన వాసన నా రేకుల్లోకి ఇంకిపోయాయి. భావనారాయణ గారు ముందు సీట్లో కూర్చుని దారి చూసేవారు కాదు, మెడ తిప్పి మూటలనే చూసుకునేవారు. మనిషి ముందు, సరుకు వెనక అనే నియమం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళపాటు అదే లోకధర్మమనుకున్నాను.

సరుకు లారీల్లో పంపడం మొదలయ్యాక ఆయన నన్ను బందరులోని ఒక ధర్మసంస్థకు ఇచ్చేశారు. వాళ్ళు నా వెనక సీట్లు పీకేశారు. నేలమీద రెండు ఇనప పట్టాలు బిగించి, వాటి మీద జారే ఒక బల్ల అమర్చారు. ఒళ్ళంతా తెల్లరంగు వేసి, రెండు పక్కలా నీలం అక్షరాలతో పెద్దగా ‘వైకుంఠ రథం’ అని రాయించారు.

ఆ తరవాత పదకొండేళ్ళు నేను ఏం మోశానో వేరే చెప్పక్కర్లేదు.

నా డ్రైవరు దావీదు. ఆయన బల్లను లోపలికి తోసి, తలుపు వేసి, వచ్చి కూర్చుని, తాళం తిప్పేముందు వెనక్కి చూసి ఒక మాట అనేవాడు. “ఎల్దామా అండీ?” అనేవాడు. పెద్దవాళ్ళయినా, చిన్నపిల్లలయినా, ఊరూ పేరూ తెలియని అనాథలయినా అదే మాట, అదే మర్యాద. ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. ఒక్క క్షణం ఆగి బండి తీసేవాడు.

మనుషులను నేను ఆ పదకొండేళ్ళలోనే ఎక్కువ చూశాను. బతికుండగా తండ్రిని పక్కన కూర్చోబెట్టుకోని కొడుకులు, పోయాక ఆయన పక్కన కూర్చోవడానికి నా తలుపు దగ్గర పోట్లాడుకున్నారు. నేను ఎదురైతే జనం చెప్పులు విడిచి దండం పెట్టేవారు, అదే నేను ఖాళీగా కనబడితే ముఖం తిప్పుకునేవారు. శ్మశానం నుంచి వచ్చేటప్పుడు నాలో ఎవరూ ఎక్కరు. అది ఆనవాయితీ. ఎంత దూరమైనా నడిచే వెళతారు, లేదా ఇంకో బండి మాట్లాడుకుంటారు. వెళ్ళేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా తిరగడం నాకు అలవాటైపోయింది. అలవాటైందంటే బాధ లేదని కాదు.

చల్లపెట్టె ఉన్న కొత్త బండి వచ్చాక నన్ను ధర్మసంస్థ వెనక గోడకు చేర్చారు. ఆరేళ్ళు అక్కడే పడి ఉన్నాను. దొండతీగ నా కిటికీలోంచి లోపలికి దూరి, పట్టాల మీద పూసి కాసింది కూడా.

అక్కడికి ఒకరోజు నాంచారయ్య వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఒక ట్రావెల్స్ వాళ్ళ షెడ్డులో బస్సులు బాగుచేసి మానేసిన మెకానిక్. నా బానెట్టు ఎత్తనైనా ఎత్తకుండా తిన్నగా వెనక్కి వెళ్ళి తలుపు లాగాడు. మోకాళ్ళ మీద కూర్చుని పట్టాల మధ్య దూరం కొలిచాడు. చిన్న కాగితంలో ఏదో చూసుకుని మళ్ళీ కొలిచాడు. ఆ కాగితంలో ఉన్నది ఒక చక్రాల కుర్చీ వెడల్పు. రెండూ దాదాపు సరిపోయాయి. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ కుర్చీ ఆయన భార్య తులశమ్మది. ముప్ఫై ఏళ్ళు వాళ్ళ పేటలో జాకెట్లు కుట్టిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నాంచారయ్య కుట్టుమిషనుకు మోటారు బిగిస్తే కుడిచేత్తో మెల్లగా మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. కానీ ఇల్లు కదలడం మానేసింది. ఒక్కసారి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు ఇద్దరు మగవాళ్ళు చంకల్లో చేతులు వేసి ఆమెను ఎత్తారు. చీర చెదిరిపోయింది. వీధి వీధంతా నిలబడి చూసింది. ఆ తరవాత డాక్టరు దగ్గరికి కూడా రానంది.

ఆమెకు ఉన్న కోరికల్లా ఒకటే. బజార్లో మ్యాచింగ్ సెంటరుకు తను వెళ్ళాలి. లైనింగు గుడ్డ తను ఎంచుకోవాలి. షాపు ట్యూబులైటు కింద ఒక రంగు, వాకిట్లో వెలుతురులో ఇంకో రంగు. గుడ్డను గుమ్మం దాకా తెచ్చి చూస్తే గానీ తెలియదు. నాంచారయ్యకేమో చిలకపచ్చ తెమ్మంటే ముదురాకుపచ్చ తెచ్చి, “ఆకుపచ్చే కదే” అనడం అలవాటు. ఆమె తన చేతి పనిని ఆయన కళ్ళకు అప్పజెప్పి రెండేళ్ళయింది.

అందుకే నన్ను కొన్నాడు. కుర్చీతో సహా వెనక నుంచి ఎక్కిస్తే ఎవరూ ఆమెను ముట్టుకోనక్కర్లేదు. ఆలోచన మంచిదే. ఆమెకు చెప్పకపోవడమే ఆయన చేసిన పొరపాటు.

పెరట్లో రేకుల పంచ కింద నాకు ఏడు నెలల వైద్యం జరిగింది. ఇంజను విప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ కూర్చాడు. తుప్పు తిన్న నేల కోసేసి కొత్త రేకు అతికాడు. నేను మొదటిసారి దగ్గి, తుమ్మి, స్టార్టయిన రోజు ఆయన ఒంటరిగా చప్పట్లు కొట్టాడు. తులశమ్మ వంటింటి కిటికీలోంచి, “ఆ డొక్కు దేనికండీ? దానికి పెట్టే ఓపిక ఆ కుళాయి మీద పెట్టకూడదూ?” అంటూ ఉండేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను ఎక్కడి నుంచి వచ్చానో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

పట్టాలు చూసి మాత్రం మురిసిపోయాడు. ‘రెడీమేడుగా దొరికాయి’ అనుకుంటూ వాటికి ఒక వాలుబల్ల తగిలించాడు. రంగు దగ్గర బస్సుల బుద్ధి చూపించాడు. బస్సు చేతులు మారి ట్రావెల్స్ పేరు మారితే ఆయన పాతపేరు గీకేవాడు కాదు, దాని మీదే కొత్తరంగు కొట్టేసేవాడు. దూరం నుంచి ఎవరికి తెలుస్తుంది! నన్ను ఇంటికి తెచ్చేముందే నాకూ అదే చేశాడు. అయితే ఆయన ఇంట్లో ఉన్నది దూరం నుంచి చూసే మనిషి కాదు.

ఒక ఉదయం ఆమె కుర్చీని తోసుకుంటూ పెరట్లోకి తెచ్చాడు. “ఇది నీకోసమే. ఎనక నుంచి తిన్నగా ఎక్కెయ్యొచ్చు, ఎవళ్ళూ ముట్టుకోరు,” అన్నాడు. ఆమె ముఖం వెలిగింది. నిజంగా వెలిగింది, నేను చూశాను. నా బానెట్టు పక్కనుంచి వెనక్కి వెళుతూ కుడిచెయ్యి చాపి నా ఒంటిని నిమిరింది. కొత్త చీరను నిమిరినట్టే నిమిరింది.

నా నడుము దగ్గర వేలు ఆగింది. రంగు కింద ఒక సున్నా తగిలింది. పాత అక్షరం అంచు వెంట్రుక మందాన పైకి లేచి ఉంటుంది. లైనింగు కింద ముడతను వేలితో పట్టేసే మనిషికి అది చాలు. “ఆపండి,” అంది. సున్నా చుట్టూ వేలు తిప్పింది. చెయ్యి వెనక్కి జరుపుతూ ఒక్కో అక్షరాన్నీ తడిమింది. చివరికి ‘వై’ దగ్గరికి చేరి, తెరిచి ఉన్న వెనక తలుపును, పట్టాలను, వాలుబల్లను వరసగా చూసింది.

“నన్ను లోపలికి తీసుకెళ్ళండి,” అంది.

మూడు రోజులు ఆ ఇంట్లో మిషను చప్పుడు లేదు. నాంచారయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. నా ముందు నిమ్మకాయలు కోశాడు, గుమ్మడికాయ కొట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మూడో రోజు పాత ఇనుము వాళ్ళకు ఫోను చేసి, రేపు వచ్చి తీసుకెళ్ళమన్నాడు. పదకొండేళ్ళు అందరినీ చివరిచోటికి చేర్చిన నాకు, నా వంతు వస్తే భయపడకూడదని ఉండేది. భయపడ్డాను.

మర్నాడు పొద్దున్నే కుర్చీ చక్రాన్ని ఒంటి చేత్తో తిప్పుకుంటూ, గోడలకు కొట్టుకుంటూ ఆమే పెరట్లోకి వచ్చింది.

“ఆళ్ళని రావద్దని చెప్పండి,” అంది.

“పొరపాటైపోయింది తులశా. శవాల బండని చెప్తే ఎక్కవని...”

“శవాల బండని కాదండీ నా బాధ. ఎవరో ఒకరు మొయ్యాలిగా. రేపు మననీ మోస్తారు. మోసిన బండి ఏం పాపం చేసింది? నన్ను అదే తలుపులోంచి, అదే పట్టాల మీద తోద్దామనుకున్నారు చూడండీ, అదీ నా బాధ.” ఆమె కుడిచెయ్యి పట్టాల వైపు చూపింది. “ఎనక నుంచి ఎక్కేది సామానన్నా అయ్యుండాలి, శవమన్నా అయ్యుండాలి. నేనింకా ఆ రెండూ కాలేదు. బతికున్న మనిషి ముందు తలుపులోంచి ఎక్కుద్ది.”

నాంచారయ్య నేలమీద కూలబడ్డాడు. “అందరూ నిన్ను ముట్టుకుంటారనే నేను...” అన్నాడు.

“నన్ను అడిగితేగా నాకేం కావాలో తెలిసేది? ముప్ఫై ఏళ్ళు కుట్టాను, మనిషిని కొలవకుండా ఒక్క గుడ్డ కత్తిరించానా? మీరు కుర్చీని కొలిచారు. నన్ను కొలిచారా?”

మెడలో వేసుకొచ్చిన టేపు తీసి ఆయన చేతికి ఇచ్చింది.

ఆ తరవాత నెల రోజులు పనంతా ఆమె చెప్పినట్టే సాగింది. కూర్చున్నప్పుడు ఆమె తల ఎంత ఎత్తులో ఉంటుందో కొలిచారు. ఆ పట్టాల మీద కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే ఆమె కళ్ళు నా కిటికీ పైకి వచ్చేవట, రోడ్డు బదులు నా కప్పు చూస్తూ వెళ్ళేది. ఆ సంగతి తెలిసి ఆయన తల పట్టుకున్నాడు. ముందు సీటు తీసేసి, మూసేసిన ఒక మంగలి షాపులోని తిరుగుడు కుర్చీ అడుగు తెచ్చి బిగించాడు. చక్రాల కుర్చీ ఎంత ఎత్తో సీటూ అంతే ఎత్తు. సీటు తలుపు వైపు తిరిగినప్పుడు ఆమె కుడిచేతికి అందేలా ముందు స్తంభానికి ఒక పిడి పెట్టాడు. ఆ పిడి పట్టుకుని, కుడికాలి మీద లేచి, ఒక్క అడుగు తిరిగి ఆమె తనే కూర్చోవాలి.

“ముందు టాకాలేసి చూడండి. నేను కూర్చున్నాకే గట్టిగా అతుకుదురుగాని,” అనేది. మొదటిసారి పిడి రెండంగుళాలు దూరమైంది. రెండోసారి సీటు సగంలో ఇరుక్కుంది. మూడోసారి ఆమె కూర్చుని, సీటు తనే తిప్పుకుని, ఎదురుగా నా అద్దంలోంచి దొడ్డిగోడ చూసింది. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు, నాచుపట్టిన గోడ తప్ప. అయినా చాలాసేపు చూసింది.

“పట్టాలు తీసేస్తాను,” అన్నాడాయన.

“తియ్యమాకండి. మడిచిన కుర్చీ వాటి మీద పెట్టండి. సామానుకి అదే దారి.”

అక్షరాలను మాత్రం ఈసారి రేకు బయటపడేదాకా గీకించింది. “లోపల ముడత ఉంచుకుని పైన ఎంత మంచి గుడ్డ కప్పితే ఏంటి,” అంది. నిజం చెబుతున్నాను, అవి పోతుంటే నాకు కొంచెం దిగులేసింది. దావీదు మర్యాదగా నడిపిన బండి పేరది. సిగ్గుపడాల్సిన పేరు కాదు. కానీ రాలిపోతున్న ఆ నీలం పొడిని ఆమె ఊడ్చెయ్యనివ్వకుండా, ఒక కాగితంలోకి ఎత్తించి తులసికోటలో పోయించింది. నాకు అది చాలు.

ప్రైమరు బూడిదరంగుతోనే మొదటి ప్రయాణం చేశాం. రంగు తను చూసి చెబుతానంది కాబట్టి అంతకుముందు రంగు వేసే ధైర్యం ఆయనకు లేదు. పొద్దున పది గంటలకు ఆమె పిడి పట్టుకుని, లేచి, తిరిగి, కూర్చుంది. పక్కింటివాళ్ళు చూశారు. చీర చెదరలేదు. నాంచారయ్య తాళం పెట్టి, ఎందుకో ఆగి, పక్కకు తిరిగి అడిగాడు.

“ఎల్దామా?”

ఆ మాట నేను పదకొండేళ్ళు విన్నాను. నాకు తెలియకుండానే, అలవాటుగా ఆ తరవాత వచ్చే నిశ్శబ్దం కోసం ఎదురుచూశాను.

“ఆగండి, తలుపు సరిగ్గా పళ్ళేదు. ఆ అద్దం కూడా దించండి, చెమట పోస్తంది,” అంది తులశమ్మ.

మ్యాచింగ్ సెంటరు గుమ్మం ముందే ఆపాం. షాపతను ఆమెను చూసి పరుగున తానులు తెచ్చాడు. ఆమె ఒక్కోదాన్నీ నా కిటికీలోంచి బయటికి చాపి, ఎండలో పట్టి, కళ్ళు చికిలించి చూసింది. పదిహేను తానులు తిరగేసి నెమలికంఠం రంగు ముక్క ఒకటి పట్టుకుని, “ఇదండీ బండికి. పెయింటు షాపులో ఈ ముక్క చూపించండి, నోటితో చెప్పమాకండి,” అంది. నాంచారయ్య బుద్ధిగా తలూపాడు.

ఇప్పుడు నేను నెమలికంఠం రంగులో ఉన్నాను. ఎండలో ఒకలా, నీడలో ఇంకోలా కనబడతాను. చిన్నపిల్లలు నన్ను చూసి ముఖం తిప్పుకోరు, దగ్గరికొచ్చి ముట్టుకుంటారు. బజారుకు, ఆస్పత్రికి, ఎక్కడికని లేకుండా ఊరికే అలా కోనేరు సెంటరు దాకా, వారానికి రెండుసార్లు వెళతాం. దారంతా ఆమె ఎవరో ఒకరి జాకెట్టు చూసి, భుజం జారిపోయిందనో చెయ్యి బిగిసిపోయిందనో చెబుతూనే ఉంటుంది. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ మొదటి రోజు గురించి.

ఆ రోజు మధ్యాహ్నం మేం ఇంటికి బయలుదేరాం. నేను ఎప్పటిలా ఖాళీగా వస్తున్నాననుకుని తేలిగ్గా పరుగెత్తబోయాను. బరువు తగిలింది. ముందు సీట్లో ఆమె ఒళ్ళో గుడ్డముక్క పెట్టుకుని నిద్రపోతోంది. ఆయన నన్ను మెల్లగా నడుపుతున్నాడు. నాలో ఎక్కి వెళ్ళిన మనిషి తిరిగి నాలోనే ఇంటికి రావడం ఎన్నేళ్ళ తరవాతో అదే.