మొదటి వరసలో అన్నయ్య

స్ఫాక్స్ నగరంలోని ఆ ఆస్పత్రి వరండాలో నేను కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. లోపల నాన్న మెదడుకు స్కాన్ తీస్తున్నారు. మతిమరుపు జబ్బు తొలిదశలో ఉందని తేలితే కొత్త మందు మొదలుపెడతారు. ముదిరిందని తేలితే ఇవ్వరు. అన్నయ్య మొంధర్ మాత్రం తస్బీ జపమాల పూసలు తిప్పుకుంటూ నిశ్చింతగా కూర్చున్నాడు. ఆ నిశ్చింత చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"రెండేళ్ళ కిందటే తీసుకొద్దామన్నాను," అన్నాను.

"మళ్ళీ మొదలెట్టావా రౌధా? ఖురాన్ మొత్తం నోటికొచ్చిన మనిషికి మతిమరుపేంటే? పోయిన రంజాన్‌లో నెల పొడుగునా ముందు నిలబడి ఖురాన్ చదువుతూ నమాజు చేయించింది నాన్నేగా. ఒక్క అక్షరం తప్పాడా?"

"ఇంటి దారి తప్పాడుగా."

"వీధులన్నీ తవ్విపోశారు. నేనూ తప్పుతాను."

మా పేటలో అందరిదీ ఇదే మాట. ఖురాన్ గుండెలో ఉన్నవాడి బుర్ర చెడదట. ఆ ధీమాతోనే అన్నయ్య ఇన్నాళ్ళూ నా నోరు మూయించాడు.

డాక్టర్ సిహెమ్ మమ్మల్ని పిలిచి తెర మీద బొమ్మ చూపించింది. మెదడు చురుగ్గా ఉన్న చోట ఎర్రగా, పసుపుగా కనిపించాలట. నాన్న తలలో చెవుల దగ్గర్నుంచి వెనక దాకా నీలం పరుచుకుని ఉంది.

"తొలిదశ దాటిపోయింది. మందు ఇవ్వలేం," అంది. "రెండేళ్ళ కిందట ఏమీ కనిపించలేదా? చదువుతూ చదువుతూ ఆగిపోవడం లాంటిది?"

అన్నయ్య చేతిలో పూసలు ఆగాయి.

"ఆగేవాడు," అన్నాడు నేల చూస్తూ. "నేను మొదటి వరసలో సరిగ్గా నాన్న వెనకే నిలబడేవాణ్ణి. ఆగినచోట అందించేవాణ్ణి. నమాజు చేయించే ఇమాం తడబడితే వెనకున్నవాళ్ళు అందించడం మామూలేగా, ఎవరూ పట్టించుకోలేదు. మొదట్లో ఎప్పుడో ఒకసారి. పోయిన ఏడాది..."

"పోయిన ఏడాది?" అన్నాను.

"పేజీలకు పేజీలు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పెద్దవాడని కూడా చూడకుండా, "నాన్న పరువు కాపాడి నాన్నను పోగొట్టావు కదరా," అన్నాను.

బయట నాన్న చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని కూర్చున్నాడు. అన్నయ్య ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని గుండీలు సరిచేయసాగాడు.

"మొంధర్," అన్నాడు నాన్న, "ఈ రంజాన్‌కి మసీదువాళ్ళను ఇంకెవర్నన్నా చూసుకోమను. పోయినేడు చదివింది నువ్వేగా. నేను పెదాలు కదిపానంతే."

"నీకు తెలుసా నాన్నా?"

"మొదటిసారి ఆగినప్పుడే తెలిసిందిరా. డాక్టరు దగ్గరికి పోదామని నీతో చెప్పాలనుకున్నా. నా పరువు కోసం నువ్వంత తాపత్రయపడుతుంటే నోరు రాలేదు."